నది తెచ్చిన మూత

బెల్‌గ్రేడ్ దాకా పారే సావా నది ఎక్కడ పుట్టిందని మా వైపు ఎవరినడిగినా జలపాతం వైపు చెయ్యి చూపిస్తారు. టిక్కెట్టు కొనుక్కుని, మెట్లెక్కి, ఆయాసపడుతూ ఫోటోలు దిగే జలపాతం అది. మా నాన్న గాష్పెర్‌ని అడిగితే మాత్రం అటు తల కూడా తిప్పేవాడు కాదు. బొటనవేలితో తన భుజం మీదుగా వెనక్కి, కొండ మీదికి చూపించేవాడు.

"అది పటాల్లో రాసుకున్న పుట్టుక. అసలు పుట్టుక మా జగోన్‌లో."

జగోన్ మా వేసవి మేత మైదానం. జూన్‌లో ఆవుల్ని తోలుకుని ఎక్కుతాం, చలి మొదలయ్యేదాకా అక్కడే గుడిసెలో ఉండి చీజ్ కాచుకుని దిగుతాం. అక్కడ ఓ చిన్న వాగు పశువుల కొట్టం పక్క నుంచి పారి, నేలబారు పైన్ పొదల కింద దూరి, సున్నపురాతి బిలంలో పడి మాయమైపోతుంది. ఆ బిలాన్ని మేం గొంతు అంటాం. కొండకు బాగా దిగువన, పోద్‌స్కాలా ఊరి నెత్తి మీద, రాతి కింది నుంచి షూమెత్స్ అనే ఊట హోరుమంటూ బయటికొస్తుంది. ఊరంతా తాగేది ఆ నీళ్ళే. గొంతులో పడ్డ నీళ్ళే షూమెత్స్‌లో లేస్తాయనీ, షూమెత్సే సావాకు కన్నతల్లి అనీ మా ఇంటి నమ్మకం.

ఆ నమ్మకానికి సాక్ష్యం కూడా ఉంది. మా తాతయ్య కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆయన పాలబిందె చెక్క మూత గొంతులో పడిపోయిందట. మా ఇంటి కొమ్ముల గుర్తు కాల్చి ఉన్న ఆ మూత కొన్నాళ్ళకు షూమెత్స్‌లో తేలిందట. దాన్ని తీసింది ఊట పక్కింటి పిల్ల ఉర్షులా. మూత ఎవరిదో కనుక్కున్నారు, తాతయ్య తీసుకోవడానికి వచ్చాడు, మూతతో సహా పిల్లనీ అడిగాడు. ఆ ఉర్షులాయే మా నానమ్మ. నదే సంబంధం కుదిర్చిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మూత అప్పట్లో మా ఫ్లోర్యాన్ మావయ్య సారాకొట్లో, గడియారం కింద మేకుకు వేలాడుతుండేది.

అందుకే ఏటా కొండెక్కిన మొదటి రోజు, మందలో పెద్దావు తొలి పాలు ఓ గరిటెడు నాన్న గొంతులో పోసేవాడు. టోపీ తీసి మరీ పోసేవాడు. చర్చిలో కూడా ఆయన అంత భక్తిగా నిలబడగా నేను చూడలేదు. ఇక మావయ్య కొట్లో రెండు గ్లాసులు పడ్డాయంటే ఆ భక్తి ఇంకో దారి పట్టేది.

"నేను పొద్దున్నే గొంతు పక్కన నిలబడి పని కానిచ్చానంటే, బెల్‌గ్రేడ్ వాళ్ళు ఆ నీళ్ళతోనే కాఫీ కాచుకోవాలి!"

అందరూ బల్లలు చరిచి నవ్వేవాళ్ళు. వందసార్లు విన్నా నవ్వేవాళ్ళు. ఆ ఒక్క మాటే ఆ ఏడు మా కొంప మీదికి తెచ్చింది.

యుగోస్లావియా అనే దేశం ఇంకా ఉన్న రోజులవి. ఆ జూన్‌లో పోద్‌స్కాలా పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒకరి తర్వాత ఒకరు పడ్డారు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు నీళ్ళు పరీక్ష చేసి, ఇందులో పేడ కలుస్తోందన్నారు. పేడ అనగానే ఊరు తలెత్తి మా కొండ వైపు చూసింది.

అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో మీటింగు పెట్టారు. నీటి సంఘానికి పెద్ద ఫ్లోర్యాన్ మావయ్యే. అమ్మకు తమ్ముడు. నన్ను ఎత్తుకుని తిరిగినవాడు. ఆ రోజు మాత్రం బల్ల అవతల నిలబడి, మా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"బావా, నీ మీద నాకు కోపం లేదు. నువ్వే చెప్పు. మా షూమెత్స్ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

నాన్న టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు.

"ఇన్నేళ్ళ నుంచీ నా బల్ల మీద మోచేతులాన్చి చెబుతూనే ఉన్నావుగా. ఇవాళ నోరు పెగలదేం?"

"బెల్‌గ్రేడ్ వాళ్ళ కంటే ముందు మనమే తాగుతున్నామన్నమాట!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా ఒక్కసారి గొల్లుమని, ముందు వరసలో పిల్లల తల్లుల మొహాలు చూసి టక్కున ఆగిపోయింది.

అమ్మ నాన్న చొక్కా అంచు పట్టుకుని లాగింది. "ఉత్తుత్తినే అన్నానని చెప్పండి. తాగి వాగానని చెప్పండి. ఒక్క మాటతో పోతుంది."

"మా నాన్న అబద్ధాలకోరని చెప్పమంటావా?"

"మీ నాన్న పోయి పాతికేళ్ళయింది. ఆయనకేం పోదు."

అమ్మకు అటు పక్క నానమ్మ చేతికర్ర ఆనుకుని లేవబోతోంది. ఈలోగానే నాన్న లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"నీళ్ళు మావే," అన్నాడు. "జగోన్‌వే. ఎవడు కాదన్నా కాకుండా పోవు."

నానమ్మ మళ్ళీ కూర్చుండిపోయింది. అమ్మ రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. పరువు కోసం తన మెడకు తనే ఉరి బిగించుకున్న మనిషిని నేను చూసింది అప్పుడే.

ఒకరి మాట మీద కాదు, శాస్త్రం ప్రకారం తేల్చాలని తీర్మానించారు. లుబ్లియానా నుంచి నేల కింది నీళ్ళ జాడ తీసే శాస్త్రవేత్త వచ్చి గొంతులో రంగు పోస్తుంది. ఆ రంగు షూమెత్స్‌లో తేలిందా, జగోన్‌లో ఇక పశువులుండవు. ఎప్పటికీ.

జగోన్ లేకపోతే మాకు ఆవులు లేవు. కింద మాకున్న గడ్డి రెండు ఆవులకు సరిపోతే గొప్ప. నాన్న ఆ వయసులో యెసెనిత్సె ఉక్కు ఫ్యాక్టరీకి పోయి కొలిమి ముందు నిలబడాలి. ఇక నేను. అమ్మ మోకాళ్ళు పోయాక రాగి గంగాళం ముందు నేను గరిట పట్టింది ఆ ఏడే. పాలు ఎప్పుడు విరుగుతాయో, పెరుగు గడ్డను ఎంత సన్నగా కొయ్యాలో చేతికి తెలుస్తున్నది అప్పుడే. అవన్నీ వదిలేసి సరస్సు ఒడ్డు హోటల్లో జర్మన్ల పక్కదుప్పట్లు మార్చాలి. గరిట పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొచ్చేది. అయినా ఆ వారాల్లో నేను తీసిన చీజ్ గుండ్లు, ఇప్పుడు చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది కానీ, బాగా కుదిరాయి.

గుడిసెలో అమ్మా నాన్నా మాట్లాడుకునేది తగ్గిపోయింది. మాట్లాడితే ఒకటే మాట.

జగోన్‌లో బిలాలు మూడున్నాయి. వాన పడితే మూడూ గుటకలేస్తాయి. కొట్టం నీళ్ళు పోయేది గొంతులోకే అయినా, వాగు పొదల కింద దూరిపోవడం వల్ల ఏది గొంతో మాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మైదానం అవతలి కొసన ఒకటుంది. దాన్ని గుడ్డిది అంటాం. అటు ఆవులు కూడా పోవు.

"గుడ్డిదాన్ని చూపించండి," అంది అమ్మ, ఆరిన గిన్నెను మళ్ళీ తుడుస్తూ.

"శాస్త్రవేత్త ఊరుకుంటుందా?"

"ఆవిడ లుబ్లియానా మనిషి. బిలానికి పేరు రాసి ఉంటుందా?"

నాన్న పొయ్యిలో కట్టె తోశాడు. కాదనలేదంటే ఆలోచిస్తున్నాడనే. మా నాన్న అబద్ధమాడటం గురించి ఆలోచించడం చూస్తే నాకు భయమేసింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ గుడ్డిదాన్నే చూపిస్తే బాగుండునని నాకూ అనిపించింది.

శాస్త్రవేత్త పేరు బ్రేదా. పొట్టిగా, గట్టిగా, కొండ బూట్లతో, వీపున సంచితో వచ్చింది. ఆవిడతో పాటు సామాను మోసే మా గుర్రం మీద, దుప్పట్ల మూటలా కూర్చుని నానమ్మ వచ్చింది. ఆవిడ కొండెక్కి చాలా ఏళ్ళయింది. కళ్ళెం పట్టుకుని నడిచొచ్చిన ఫ్లోర్యాన్ మావయ్య చెమటలు కక్కుతున్నాడు.

"ఈ ముసలావిణ్ణి ఎందుకు తెచ్చావురా?" అన్నాడు నాన్న.

"నేను తెచ్చానా? గుర్రమెక్కి కూర్చుని, నడవరా అంది."

బ్రేదా సంచి దించి, మైదానం అంతా కలియజూసింది. పోద్‌స్కాలాలో ఊట దగ్గరే కాకుండా, చుట్టూ ఉన్న అన్ని ఊటల్లో, కనుమ అవతల, నీళ్ళు ఇటలీ వైపు పారే తోల్మిన్‌లో కూడా మసిబొగ్గు సంచులు కట్టి వచ్చానని చెప్పింది. కంటికి కనబడనంత రంగు కూడా ఆ బొగ్గుకు పడుతుందట.

"తోల్మిన్ వైపెందుకు? దండగ," అన్నాడు నాన్న. ఆ స్థితిలో కూడా ఆయనకు చిన్నతనమనిపించింది.

"కొండ లోపల ఏముందో కొండకే తెలియాలి, కామ్రేడ్ గాష్పెర్," అంది బ్రేదా. "మీ కొట్టం నీళ్ళు ఎందులోకి పోతాయి?"

అమ్మ నాన్న వైపు చూస్తోంది. నాన్న మైదానం అవతలి కొసకు చూస్తున్నాడు. నానమ్మ గుర్రం మీద నుంచి ఇంకా దిగనే లేదు.

"ఒరేయ్ గాష్పెరూ," అంది. "మన గొంతు ఎక్కడుందో మర్చిపోయావా?"

నాన్న ఆవిడ వైపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి, పాల గరిటతో బయటికొచ్చాడు. పైన్ కొమ్మలు చేత్తో పక్కకు తోసి, బ్రేదాను గొంతు దగ్గరికి తీసుకెళ్ళాడు. టోపీ తీశాడు. గరిటెడు పాలు పోశాడు.

"ఇదే," అన్నాడు.

బ్రేదా పోసిన పొడి ఇటుక రంగులో ఉంది. నీళ్ళు తగలగానే కొత్త ఆకులా ఆకుపచ్చగా వెలిగిపోయింది. ఆ పచ్చదనం ఓ మెలిక తిరిగి, రాతి కిందికి జారి, కనబడకుండా పోయింది. అమ్మ గుడిసెలోకి పోయి తలుపు వేసుకుంది.

ఇక ఎదురుచూడ్డమే మిగిలింది. షూమెత్స్ దగ్గర ఊరివాళ్ళు వంతులేసుకుని కాపలా కూర్చున్నారు. నీళ్ళు పచ్చబడితే వెంటనే అగ్నిమాపక గంట కొడతారు, అందరూ కుళాయిలు కట్టెయ్యాలి. ఆ గంట జగోన్ అంచుకు స్పష్టంగా వినబడుతుంది. దురదృష్టం కొద్దీ చర్చి గంట కూడా వినబడుతుంది. రెండిటికీ తేడా మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా చర్చి గంట మోగిన ప్రతిసారీ ప్రాణం పోయినంత పనయ్యేది. ఆదివారం ప్రార్థన గంటకు అమ్మ చేతిలో పళ్ళెం జారి ముక్కలైంది.

"దేవుడికి కూడా ఇవాళే కొట్టాలా!" అని పైకి చూసి తిట్టి, వెంటనే శిలువ వేసుకుంది.

నాన్న రెండు పడ్డల్ని అమ్మేయడానికి అప్పుడే మాటిచ్చేశాడు. రోజూ సాయంత్రం అంచున కూర్చుని కిందికి చూసేవాడు. మేమందరం గంట మోగకూడదని దేవుడికి మొక్కుకుంటున్నాం. ఆయన ఏమని మొక్కుకుంటున్నాడో నాకు అంతుబట్టేది కాదు. మోగితే ఆవులు పోతాయి. మోగకపోతే నది పోతుంది.

నానమ్మ ఒక్కతే ఏమీ పట్టనట్టు ఉండేది. తినేది, బల్ల మీద ఎండలో కూర్చునేది, తల వాల్చి కళ్ళు మూసుకునేది.

వారం తిరగకముందే ఓ మధ్యాహ్నం, మేం చూస్తున్న వైపు కాకుండా వెనక వైపు నుంచి, కనుమ దిగి ఓ మనిషి వచ్చాడు. పొడవుగా, ఎండకు మాడి, నా కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. దూరం నుంచే అరిచాడు.

"ఇక్కడ నీళ్ళకు రంగులేసే పెద్దమనుషులెవరయ్యా?"

గంగాళం మీద వంగి ఉన్నదాన్ని అలాగే ఉండిపోయాను. నాన్న లేచి నిలబడ్డాడు. "ఎవరు నువ్వు?"

"తోల్మిన్ వైపువాణ్ణి. ఇజిదోర్ అంటారు. మాకు కొండ కింద పిండి మర ఉంది. పొద్దున లేచి చూస్తే మర తిప్పే ఊట ఇదిగో, ఇలా ఉంది." చంకలో నుంచి తెల్ల గాజు సీసా తీసి ఎత్తి పట్టుకున్నాడు. లోపలి నీళ్ళు ఎండలో ఆకుపచ్చగా మెరిశాయి. "గుర్రం ముట్టనంటోంది. మా అమ్మ దెయ్యం పట్టిందని ఫాదర్ గారికి కబురు పంపింది. ఊట మీద బొగ్గు సంచి కట్టినావిడ ఈ కొండ పేరు చెప్పి వెళ్ళింది, అడుగుదామని వచ్చాను."

నాన్న సీసా అందుకున్నాడు. ఎండకు పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. మూత తీసి వాసన కూడా చూశాడు, అందులో తన పాల వాసన వస్తుందేమోనన్నట్టు. తర్వాత బల్ల మీద కూలబడ్డాడు.

"తోల్మిన్‌కా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నా పాలు తోల్మిన్ వాళ్ళకా?"

"పాలు కూడా పోశారా? మాకు నీళ్ళే అందాయి మరి."

అమ్మ అప్పటికే ఏడుస్తోంది. ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఇజిదోర్ భుజం మీద దబదబా బాదుతోంది. "దొంగ సచ్చినోడా, నాలుగు రోజుల ముందే రాకూడదా! కూర్చో! తిను!" అంటూ గోధుమజావ, మీగడ, నా చీజ్ కొత్త గుండు కోసి మరీ ముందు పెట్టింది. నేను గంగాళం అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవులు మావే. గరిట నాదే. హోటల్ దుప్పట్లు వేరే ఎవరైనా మార్చుకోవచ్చు. గుండెల మీద నుంచి కొండ దించినట్టయింది.

ఇజిదోర్ చీజ్ ముక్క ఎత్తి దాని రంధ్రాల్లోంచి నా వైపు చూశాడు.

"మీ వైపువాళ్ళు రంధ్రాలమ్ముకుని బతుకుతారని మావాళ్ళు అంటారు. నిజమేనే!"

"రంధ్రాలు ఊరికే ఇస్తాం. డబ్బులు చుట్టూ ఉన్నదానికే," అన్నాను. "మీ చీజ్ గురించి మావాళ్ళు ఏమంటారో చెప్పమంటావా? కత్తి విరుగుతుందంటారు."

"అయితే గట్టి చేతులవాళ్ళు కావాలి మాకు," అన్నాడు. నేను గంగాళం వైపు తిరిగిపోయాను. ఆ రోజు పాలు కొంచెం ఎక్కువే విరిగాయి.

తర్వాత బ్రేదా బొగ్గు సంచులన్నీ పరీక్ష చేసి అదే మాట చెప్పింది. షూమెత్స్‌లో చుక్క రంగు కూడా లేదు. పేడ ఎక్కణ్ణుంచి వస్తోందో అప్పుడు వెతికారు. ఊరు కట్టుకున్న నీళ్ళతొట్టి గోడనే బీచ్ చెట్టు వేళ్ళు చీల్చేశాయి. పైనున్న పొలాల ఎరువు నీళ్ళు అందులోంచి దిగుతున్నాయి. ఆ పొలాల్లో ఫ్లోర్యాన్ మావయ్యదీ ఉంది, ఊళ్ళో సగం మందివీ ఉన్నాయి. అందరి వాటా ఉండటంతో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేకపోయారు. గోడ కట్టారు, పిల్లలు కోలుకున్నారు.

మావయ్య మా గడప తొక్కి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏదో, పిల్లల బాధ చూడలేక..."

"నువ్వు చేసింది సరే," అన్నాడు నాన్న. "నా మాట నమ్మావు. అంతేగా."

"నమ్మినందుకు సిగ్గుగా ఉంది బావా."

"చెప్పినందుకు నాకు లేదా!"

ఇద్దరూ నవ్వేశారు. ఆ సాయంత్రం నాన్నను కొట్టుకు లాక్కుపోయాడు. మూత ఇంకా మేకుకే ఉందట. ఎవరూ దాని వైపు చూడలేదట.

నేనూ నానమ్మా గుడిసె ముందు బల్ల మీద కూర్చున్నాం. ఇంకా వెలుగుంది. కింది వాలులో ఆవుల మెడగంటలు వినబడుతున్నాయి. ఇన్ని రోజులూ అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"గొంతు నీళ్ళు షూమెత్స్‌కి పోవని తేలిందిగా నానమ్మా. మరి తాతయ్య మూత అక్కడికెలా వెళ్ళింది?"

ఆవిడ కొండ అంచు వైపు చూసింది.

"నడుచుకుంటూ వెళ్ళింది," అంది.

"అంటే?"

"నీళ్ళకి కాళ్ళుండవు కదే. నాకున్నాయి."

ఆవిడ చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ చెప్పింది.

"గడ్డి కోతల రోజులు. పుట్టగొడుగులకి పోతున్నానని..." అని ఆగి నవ్వింది. "ఏం పేరు చెప్పానో కూడా గుర్తు లేదు. బెర్రీ పళ్ళకేమో. చెప్పి కొండెక్కేదాన్ని. మీ తాతయ్య ఇక్కడ ఒక్కడే ఉండేవాడు. ఓ రోజు తన గుర్తు కాల్చిన మూత ఇచ్చాడు. అప్పట్లో ఉంగరాలెక్కడివి? దాన్ని ఏప్రన్ కింద పెట్టుకుని దిగాను. దిగేసరికి మా నాన్న ఊట దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. ఏం చెయ్యను? పొద చాటున నీళ్ళలో ముంచి తీసి, నాన్నా చూడు, ఊటలో ఏదో కొట్టుకొచ్చిందన్నాను."

"నమ్మాడా?"

"ఆయనే కాదు, ఊరే నమ్మింది. ఒక చిన్న అబద్ధం. దానికి ఇంత సంతానం పుడుతుందని నాకేం తెలుసు?"

"తాతయ్యకి తెలుసుగా మరి!"

"తెలియకేం? పెళ్ళయ్యేదాకా తలుచుకుని తలుచుకుని నవ్వాడు. తర్వాత అందరూ నమ్ముతుంటే, ఆయనా మెల్లగా నమ్మేశాడు. పాలు పోయడం మొదలెట్టింది ఆయనే. నేను చెప్పబోతే, నువ్వు ఊరుకోవే, నీకేం తెలుసు అనేవాడు."

నవ్వాపుకోలేక నా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఆవిడా నవ్వింది. భుజాలు కదిలిపోయేలా, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. ఎన్నేళ్ళ నుంచి దాచుకున్న నవ్వో అది.

"మరి మీటింగులో చెప్పొచ్చుగా?"

"చెబుదామనే లేచాను. నా మోకాళ్ళు లేచేలోగా మీ నాన్న నోరు లేచింది. అందరి ముందూ వాణ్ణి ఎలా కూర్చోబెట్టను?" కళ్ళు తుడుచుకుంది. "అయినా మూత అబద్ధమైతే నీళ్ళూ అబద్ధమని ఏముంది? నీళ్ళు ఎటు పోతాయో నాకు మాత్రం తెలుసా? అందుకే గుర్రమెక్కి వచ్చాను. వాడు గుడ్డిదాన్ని చూపిస్తాడని భయమేసింది. ఇంట్లో ఒక అబద్ధం చాలు."

"మరి మేం గంటకి హడలి చస్తుంటే హాయిగా నిద్రపోయేదానివిగా!"

"కళ్ళు మూసుకున్నానే, నిద్రెక్కడిది?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా చేతిని తట్టి, తలుపు పక్కన కిటికీలో ఉన్న సీసాను చేతికర్రతో చూపించింది. లోపల రంగు నీళ్ళు ఇంకా మెరుస్తున్నాయి.

"అది ఆ మర అబ్బాయిది కదూ?"

"మర్చిపోయి వెళ్ళాడు."

"ఆహా. మర్చిపోయాడు." ఆవిడ కళ్ళు చిట్లించింది. "పరాయివాళ్ళ వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు. ఎవరో ఒకరు కనుమ దాటి ఇచ్చి రావాలి. నా మోకాళ్ళా పనికిరావు."

ఆ సీసా కనుమ దాటడానికి ఆ వేసవంతా పట్టింది. ఓసారి తీసుకెళ్ళి ఇవ్వడం మర్చిపోయాను. ఓసారి దాన్ని ఇచ్చి, దాని బిరడా ఇవ్వడం మర్చిపోయాను. మూడోసారి ఏం వంక చెప్పానో అమ్మ అడగనే లేదు. నానమ్మ అడగనివ్వలేదు.

మరుసటి ఏడు బ్రేదా తన కుతూహలం కొద్దీ వచ్చి గుడ్డిదానిలో రంగు పోసింది. రెండో రోజుకే షూమెత్స్ ఆకుపచ్చగా మారిపోయింది. అప్పుడు నాన్న దాన్ని చూపించి ఉంటే జగోన్ పోయి ఉండేది. అమ్మ ఆ మాట ఇప్పటిదాకా ఎత్తలేదు. నాన్న మాత్రం గుడ్డిదాని చుట్టూ కంచె కట్టి, తిన్నగా మావయ్య కొట్టుకు పోయి బల్ల చరిచాడు.

"ఇటు పోస్తే బెల్‌గ్రేడ్ వాళ్ళు, అటు పోస్తే ఇటలీ వాళ్ళు! రెండు సముద్రాలూ నావేరా!"

నవ్వనివాడు లేడట. మూత మాత్రం ఈసారి మేకు మీద లేదు. అంతకు ముందే నా పెళ్ళికి మావయ్య దాన్ని కాగితంలో చుట్టి నాకిచ్చాడు. "నది తెచ్చిన మూత," అన్నాడు గంభీరంగా. నానమ్మ పక్కకు తిరిగి దగ్గడం మొదలుపెట్టింది.

ఇదంతా నేను కనుమకు ఇవతల, తోల్మిన్ వైపు నుంచి రాస్తున్నాను. ఇజిదోర్ వాళ్ళ మర ఇప్పుడు ఆడటం లేదు, ఊట మాత్రం ఆగలేదు. అది మర తిప్పే నీరే తప్ప తాగే నీరు కాదని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. నానమ్మ పోయింది. నాన్నకు వయసు మీదపడింది, అప్పట్లో కింద బడిలో ఉన్న మా తమ్ముడు ఇప్పుడు ఆవుల్ని తోలుకెళుతున్నాడు. అయినా జూన్‌లో మొదటి రోజు కర్ర పట్టుకుని ఆయనా ఎక్కుతాడు. ఒకప్పుడు గరిటెడు పోసేవాడు. నా పెళ్ళయినప్పటి నుంచీ బిందె ఎత్తి, నిండా ఉన్నది నిండా పోస్తాడట. పాలు దండగ కాదా అని తమ్ముడంటే, "ఎక్కడికి పోతాయో నాకు తెలుసులేరా," అంటాడట.

ఆ వారమంతా నేను పొద్దున్నే లేచి ఊట దగ్గరికి వెళతాను. నీళ్ళు ఎప్పటిలాగే ఉంటాయి, తెల్లగా ఏమీ కనబడదు. రెండు చేతులా పట్టి తాగుతాను. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా కడుపునొప్పి రాలేదు.